ఇంటిపేరు లేని ప్రాసెసర్

మా మరిదిని వీధిలో అందరూ అరక్షణం అని పిలుస్తారు. పిల్లలకి అరక్షణం తాత, టీ కొట్టు అతనికి అరక్షణం బాబాయి. ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. ఏ పని చెప్పినా "అరక్షణం వదినా" అంటాడు. ఆ అరక్షణం ఒక్కోసారి పూటంతా నడుస్తుంది. ఓసారి మా వంటింటి కుళాయికి వాషరు వేసే అరక్షణానికి పదకొండు రోజులు పట్టింది. మనసు మాత్రం వెన్న. చిక్కల్లా నోటితోనే. ఇంట్లో గోరంతగా బయల్దేరిన సంగతి మెట్లు దిగేసరికి మూరెడవుతుంది, టీ కొట్టు బల్ల మీద కూర్చునేసరికి మేడంత అవుతుంది.

ఆ శనివారం సాయంత్రం అయిదుంబావుకి నేను మెట్లు దిగింది అతని కోతలు వినడానికి కాదు. అతన్ని అక్కణ్ణించి లేపి ఆరింటిలోపు కంప్యూటర్ల కొట్టుకి తీసుకెళ్ళడానికి. కొట్టు మా ఇంటికి పావుగంట నడక. నా మోకాళ్ళతో ఇరవై నిమిషాలు.

ఎందుకో చెబుతాను. మా అబ్బాయి కూతురు, నా చిన్న మనవరాలు, రెండేళ్ళుగా పక్కిళ్ళ పిల్లలకి లెక్కలు చెప్పి, వచ్చినదంతా ఒక కంప్యూటర్ కోసం దాచుకుంది. ఆటలాడుకునే కంప్యూటర్. మావి రెండే గదులు. కుట్టు మిషనుకీ కిటికీకీ మధ్య దాని బల్ల, ఆ బల్ల మీద మూడు లావుపాటి పుస్తకాలు పేర్చినంత చోటు. అందుకని ముందుగానే ఓ బుల్లి పెట్టె కొనుక్కుంది. ఇక అందులోకి ముఖ్యంగా రెండు వస్తువులు కావాలంది, ఒకటి ప్రాసెసర్, ఒకటి మదర్‌బోర్డు. ప్రాసెసర్ అంటే ఆలోచించేది. మదర్‌బోర్డు అంటే పలక. తల్లి పలక అని ఎందుకన్నారే అని అడిగితే, "అన్నీ దాని ఒళ్ళోనే కూర్చోవాలి నానమ్మా" అంది. ఆ మాట నాకు చాలా నచ్చింది. పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని తల్లిని బాగా చూసినవాడు.

ఆదివారం పొద్దున్న పదింటికి ఇద్దరిద్దరు జతగా ఆడే పోటీ ఉంది. మా చిన్నదానికి జత, వేరే ఊళ్ళో ఉంటున్న నా కూతురి కూతురు. ఇద్దరూ ఆ కిటికీ పక్కనే ఒకే దుప్పట్లో పెరిగారు. మా అమ్మాయి వాళ్ళు ఊరు మారి ఆరేళ్ళయింది. అప్పట్నించీ ఇద్దరూ కలిసి ఏదైనా ఆడటం ఇదే మొదలు.

శనివారం పొద్దున్న చిన్నదానికి పరీక్ష. సామాను తెచ్చే పని అరక్షణం తనంతట తనే నెత్తికెత్తుకున్నాడు. అది చీటీ రాసిచ్చింది. బోర్డు ఎంత ఉండాలో చేతితో చూపించింది, జాన కన్నా వేలెడు తక్కువ. మధ్యాహ్నానికి తెచ్చాడు. పైగా అనుకున్నదానికన్నా చవగ్గా వచ్చిందని మిగిలిన డబ్బు దాని చేతిలో పెట్టాడు. అది పొంగిపోయి వెంటనే ఆ డబ్బుతో మాట్లాడుకుంటూ ఆడటానికి చెవులకి పెట్టుకునేది ఒకటి కొనేసుకుంది.

నాలుగింటికల్లా అన్నీ బిగించింది. మీట నొక్కితే లోపల పంకా తిరిగింది. పచ్చ దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. తీగలు తీసి పెట్టింది, పెట్టి తీసింది. అది పైకి ఏడవదు, జడ చివర కొరుకుతుంది. కొరుకుతోంది.

నేనేం చేయగలను. పక్కన కూర్చుని చీటీ ఒక చేత్తో, ప్రాసెసర్ డబ్బా ఒక చేత్తో పట్టుకుని చదువుతున్నాను. నాకు చదువు లేటుగా వచ్చింది, ఏదైనా ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదువుతాను. అంకెలన్నీ ఒకటే. చీటీలో మాత్రం అంకెల చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంది. డబ్బా మీద నా వేలు ఆ చోటికి వచ్చి ఖాళీగా ఆగింది.

"ఇక్కడ ఒకటి తక్కువుందే అమ్మా" అన్నాను.

అది చూసి కూలబడిపోయింది. ఆ అక్షరం ఉంటే బొమ్మ గీసే పని కూడా ప్రాసెసరే చేస్తుందట. లేకపోతే బొమ్మ కోసం ఇంకో కార్డు కొని పెట్టాలట. కొనడానికి డబ్బు లేదు, కొన్నా ఆ బుల్లి పెట్టెలో దానికి చోటు లేదు. బిల్లు తిప్పి చూశాను. అడుగున చీమ తలకాయలంత అక్షరాలు. కొన్ననాడే, సాయంత్రం ఆరింటిలోపు, డబ్బాతో సహా తెస్తే మార్చి ఇస్తారు. కొన్న మనిషే వచ్చి సంతకం పెట్టాలి.

చిన్నది చెప్పులు కూడా వేసుకోకుండా కిందకి పరిగెత్తబోయింది. నేను ఆపాను. అక్కడ నలుగురున్నారు. నలుగురిలో అతని మాట తేలిపోతే ఏమవుతుందో నాకు తెలుసు. రెండేళ్ళ కిందట దర్జీ ఏదో మాట మీద "అబద్ధం బాబాయ్" అని మొహానే అనేస్తే, మనిషి నాలుగు రోజులు గది దాటి రాలేదు, నా చేతి అన్నం కూడా సగం వదిలేశాడు. ఇప్పుడు గదిలో దూరి గడియ పెట్టుకుంటే మా ప్రాసెసర్ గతి అంతే. అతను తన కాళ్ళతో, తన ఇష్టంతో నడిచి రావాలి. నేను తీసుకొస్తాను, నువ్వు పైనే ఉండు అని చెప్పి, డబ్బా, చీటీ, బిల్లు సంచిలో వేసుకుని దిగాను. అది పైన రెయిలింగు పట్టుకుని నిలబడింది.

టీ కొట్టు దగ్గర ఒక కాలు పొట్టిదైన బల్ల ఉంది, దాని కింద ఇటుక. ఆ ఇటుక వైపున మా మరిది, ఎదురుగా మెడలో టేపుతో దర్జీ, ఇంకో ఇద్దరు. టీ కొట్టు అతను పాలు పొయ్యి మీద పెట్టి చెయ్యి నడుం మీద వేసుకుని వింటున్నాడు. ఎదురుగా దర్జీ కొట్టులో గోడ గడియారం నాకు బాగా కనబడుతోంది. మరిదీ, చిన్న పని ఉంది అన్నాను. అరక్షణం వదినా, ఇది అయిపోనీ, కూర్చో అన్నాడు. కూర్చున్నాను.

"నేను పెద్దగా చేసిందేం లేదురా" అన్నాడు వాళ్ళతో. అతను అలా మొదలుపెట్టాడంటే చాలా ఉందన్నమాట.

"పాప చీటీ రాసిచ్చింది, వెళ్ళాను, తెచ్చాను, అంతే. కాకపోతే ఆ కొట్టులో అడుగు పెట్టేసరికి ముప్పైమంది కుర్రాళ్ళు, అందరి మొహాలూ వేలాడిపోయి ఉన్నాయి, ఎందుకంటే ఏ ప్రాసెసర్ తీసుకోవాలో ఒక్కడికీ తెలియడం లేదు. ఖరీదైనది కొనలేరు, చవకది పనిచేస్తుందో లేదో అని భయం. ఒకడైతే నిన్నట్నించీ నిలబడే ఉన్నాడట. కొట్టు అతను నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. గాజు బల్ల మీద పది డబ్బాలు వరసగా పెట్టాడు. నేను చీటీ తీయలేదు. ఒక్కొక్కటీ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను."

చెవి దగ్గరెందుకని దర్జీ అడిగాడు.

"లిఫ్టు మోటారుకైనా దీనికైనా చెవే కొలత. మొదటిది గొణిగింది. రెండోది గురక పెట్టింది. మూడోది నన్ను చూసి దగ్గింది, అది పారేయమన్నాను. నాలుగోది చెవికి పెట్టుకున్నాను చూడూ, ఆ తర్వాత ఏమైందో తెలుసా? పదమూడో ఎక్కం, పధ్నాలుగో ఎక్కం, వెనక నుంచి ముందుకి గడగడా వినబడ్డాయి. ఇదే, కట్టు అన్నాను. అరక్షణం పట్టలేదు."

కరెంటు పెట్టకుండానే ఎక్కాలు చెప్పిందా బాబాయ్ అన్నాడు టీ కొట్టు అతను.

"కరెంటు పెడితే ఎవడైనా చెబుతాడు" అన్నాడు మా మరిది.

అందరూ తలలాడించారు. ఆ మాటకి ఎదురు చెప్పడం కష్టమే.

"అక్కడే నాకు పరీక్ష పెట్టాడు కొట్టు అతను. అయ్యా, ఈ అంకెలోనే రెండు రకాలున్నాయి, చివర అక్షరం ఉన్నదొకటి, లేనిదొకటి, ఏది కట్టమంటారు అన్నాడు. అక్షరం ఉన్నదానికి ఇంకాస్త ఎక్కువ. నాకు నవ్వొచ్చింది. బాబూ, అది ఇంటిపేరు లాంటిది, మనం ముందు రాసుకుంటాం, వాళ్ళు చివర రాసుకుంటారు, అంతే తేడా. ఇంటిపేరు పీకేస్తే మనిషి పని చేయడం మానేస్తాడా? పేరు మాకివ్వు, ఇంటిపేరు నువ్వే ఉంచుకో అన్నాను. ముప్పైమందీ చప్పట్లు కొట్టారు."

నేను సంచిలో డబ్బాని గట్టిగా పట్టుకున్నాను. అదీ సంగతి. పైకి చూస్తే చిన్నది రెయిలింగు మీదికి వంగి వింటోంది, వినబడిందో లేదో తెలియదు. గడియారంలో అయిదూ ఇరవై రెండు.

మరిదీ అన్నాను మళ్ళీ. అరక్షణం అని అరచెయ్యి చూపించాడు. ఆ చెయ్యి అలాగే బల్ల మీద పరిచాడు.

"ఇక మదర్‌బోర్డు. అతను పెద్దది తెచ్చాడు, తలుపంత ఉంది, నిండా రంగు దీపాలు. పొట్టివాడికి పొడుగు చొక్కా ఎందుకయ్యా, చవకైన ప్రాసెసర్‌కి ఇంత దర్బారు అవసరమా అన్నాను. నా జాన ఇలా పరిచి, దీనికన్నా వేలెడు తక్కువ ఉండాలి, దీపాలు ఉండకూడదు, ప్రాసెసర్ కూర్చునే గుంట సరిపోవాలి, ఈ మూడూ కుదిరితే తే, లేకపోతే కొట్టు మూసుకో అన్నాను. అప్పుడక్కడ బోర్డులు తయారుచేసే కంపెనీ ఇంజినీర్లు ఇద్దరున్నారు. గబగబా వచ్చి నా చేతిని కొలుచుకున్నారు, రాసుకున్నారు. ఇకనుంచి లోకంలో చిన్న బోర్డులన్నీ నా జాన కొలతకే వస్తాయి."

దర్జీ మెడలోంచి టేపు తీశాడు, మేమూ ఓసారి కొలుచుకుంటాం బాబాయ్ అని. మా మరిది చెయ్యి వెనక్కి తీసుకుని, ఒకసారి కొలిచిన చేతిని మళ్ళీ కొలిస్తే అచ్చు పాడవుతుందన్నాడు.

న్యాయానికి బోర్డు మాత్రం అతను సరిగ్గానే తెచ్చాడు. దాన్ని ఆ బుల్లి పెట్టెలో పెడితే ఉయ్యాల్లో పిల్లలా అమరింది. చేతితో కొలిచింది కాబట్టి తప్పలేదు. అక్షరంతో కొలవాల్సిందే తప్పింది.

"మరి పరీక్షించి చూడకుండా తెస్తామా? అక్కడే బిగించమన్నాను. పిట్ట కొంచెం కూత ఘనం అంటారే, అదిగో అది. కార్ల పందెం ఆట పెట్టాడు. ఎర్ర కారు. నేను ఇలా చిటికెన వేలితో తాకానంతే, కారు తెర మీద లేదు. ఏదని చూస్తే పక్క కొట్టులో అమ్మకానికి పెట్టిన టీవీలో పోతోంది. అక్కణ్ణించి క్షౌరశాల టీవీలోకి దూకింది, అక్కడ వార్తలు చదివే ఆవిడ కుర్చీ పక్కకి జరుపుకుంది పాపం. అక్కణ్ణించి ఆసుపత్రి తెర, అక్కణ్ణించి పెట్రోలు బంకు తెర. అక్కడ ఆగి పెట్రోలు పోయించుకుని మరీ వెనక్కి వచ్చింది. కొట్టు అతను రెండు చేతులూ పట్టుకుని, అయ్యా, మీకెప్పుడేం కావాలన్నా రండి, ఏది నచ్చకపోతే అది వెనక్కి తెండి, షట్టరు దించేసి ఉన్నా మీ కోసం ఎత్తుతాను అన్నాడు."

ఈ మాట నేను మనసులో ముడేసుకున్నాను. అయిదున్నర కావస్తోంది.

కారు తోలింది ఎవరు బాబాయ్ అని ఇద్దరిలో ఒకతను అడిగాడు. మా మరిది అతన్ని జాలిగా చూసి, తోలేవాడు మొదటి మలుపులోనే దిగిపోయాడన్నాడు.

"అసలు సంగతి వినండి. చిన్న పెట్టె కదా, లోపల వేడి పుడుతుందని చిన్న పంకా ఉంటుంది. ప్రాసెసర్ అంత జోరుగా తిరిగితే పంకా ఎంత జోరుగా తిరగాలి? తిరిగింది. పెట్టె లేచింది. బల్ల మీద నుంచి జానెడు, మూరెడు, కొట్టు కప్పుకి వెళ్ళి తగిలింది. తీగ పట్టుకుని కిందకి లాగి, నడుముకి కట్టుకుని, గాలిపటంలా తెచ్చాను ఇంటికి. మలుపు దగ్గర కరెంటు తీగలు తప్పించడానికి కాస్త వంగాల్సి వచ్చింది, అంతే."

ఈ పెట్టె పొద్దున్నంతా ఇంట్లో నా కళ్ళ ముందే ఉంది. ఆ కొట్టు మొహం కూడా ఎరగదు. అయినా వింటుంటే నాకూ ఆ తీగ చివర ఎగురుతున్న పెట్టె కనబడుతోంది, ఏం చేయను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని జోరుకి నా నడక కూడా జోరందుకుంది. కాలు నేల మీద పెడితే ఒట్టు. ఇంటికొచ్చి తలుపు కొట్టాను. తీసింది ఎవరనుకున్నారు? నేనే. ఇంకా బయల్దేరలేదు. చెప్పులు వెతుక్కుంటున్నాను."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. టీ కొట్టు అతను చూసుకోలేదు.

ఇప్పుడు మాతో టీ తాగుతున్నది ఆ ఇద్దరిలో ఎవరు బాబాయ్ అని దర్జీ చాలా మర్యాదగా అడిగాడు.

"వెళ్ళొచ్చినవాడు. అలసట వాడికే కదా" అన్నాడు మా మరిది, గ్లాసు చాపుతూ.

టీ కొట్టు అతను టీ పోస్తూ పైకి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి గాని, ఇందాక నేను టీ ఇవ్వడానికి పైకెళ్తే పాప తెర నల్లగా ఉందంది, మొహం కూడా బాగాలేదు, అదిగో అలా నిలబడే ఉంది అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అన్నాడు.

మా మరిది తలెత్తి చూశాడు. ఆ సంగతి అతనికి తెలియదు. పెట్టె బిగించేటప్పుడు అతను నిద్రపోయి, లేచి నేరుగా టీ కొట్టుకి వచ్చాడు. పైన చిన్నది కదలకుండా నిలబడి ఉంది.

"నల్లగా ఉండదూ మరి" అన్నాడు. "ఆ జోరుకి బొమ్మ వస్తుంది, మన కంటికి అందేలోపే వెళ్ళిపోతుంది. రెండ్రోజులు పోతే అలిసి అదే నెమ్మదిస్తుంది."

అన్నాడు గాని, గొంతులో మేడ రెండంతస్తులు దిగిపోయింది. గ్లాసుని బల్ల మీద అటూ ఇటూ తిప్పుతున్నాడు. వేడిగా ఉన్న టీ తాగడం లేదు. అయిదూ ముప్పై అయిదు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని. ఇప్పుడు మాట్లాడకపోతే కొట్టు మూసేస్తారు, తప్పుగా మాట్లాడితే మనిషి మూసుకుపోతాడు.

"మరిదీ, ఆ కళ్ళజోడు సంగతి వీళ్ళకి ఎప్పుడైనా చెప్పావా?" అన్నాను.

ఏ కళ్ళజోడు వదినా అన్నాడు.

నేనే చెప్పాను. అయిదేళ్ళ కిందట కళ్ళ పరీక్ష చేయించుకుని, కళ్ళద్దాల కొట్టులో పేరు రాయించి వచ్చాడు. వారం తర్వాత జోడు తెచ్చుకున్నాడు. పెట్టుకుంటే మెట్లు పైకి లేచినట్టు, నేల కిందకి దిగినట్టు. కొత్తజోడు, అలవాటవ్వాలి అన్నాడు. ఎదురింటావిడని నేననుకుని వదినా అని నమస్కారం చేశాడు. సున్నం డబ్బాలో పంచదార చెంచా పెట్టాడు. పైగా ఇదే బల్ల మీద కూర్చుని, ఈ అద్దాల్లోంచి పగలే చుక్కలు కనబడుతున్నాయని చెప్పాడు. ఆ మాట దర్జీకి గుర్తుంది. అవును పిన్నీ, రెండు చుక్కల పేర్లు కూడా చెప్పాడు అన్నాడు.

"నాలుగు నెలలు ఎవరి అద్దాలు పెట్టుకున్నావు నాయనా?" అన్నాను.

మా మరిది గ్లాసు పక్కకి జరిపాడు. "రైలు గార్డువి" అన్నాడు.

"మరి ఆ గార్డు?"

"నావి పెట్టుకుని తిరిగాడు. పాపం, రైలు ఆపాల్సిన చోట ఆపలేదని..." అని కొత్త కోత ఒకటి ఎత్తుకోబోయి, నా మొహం చూసి ఆగాడు.

"అలా ఎందుకైంది?"

"ఇద్దరిదీ ఒకటే పేరు. నేను ఇంటిపేరు చెప్పలేదు" అన్నాడు. అని, తన మాట తన చెవిలోనే పడ్డట్టు నోరు అలాగే ఉంచేశాడు.

అప్పుడు సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. పక్కనే చీటీ పెట్టాను. చీటీ మీద చివరి అక్షరం కింద వేలు పెట్టాను. డబ్బా మీద, అది ఉండాల్సిన ఖాళీ దగ్గర పెట్టాను.

"దీని కళ్ళు ఆ ఒక్క అక్షరంలోనే ఉన్నాయి మరిదీ. ఇంటిపేరు లేని ప్రాసెసర్‌ని తెచ్చావు. ఆలోచిస్తోంది, చూపించలేకపోతోంది."

దర్జీ మోచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. టీ కొట్టు అతను నవ్వాడు. ఆ ఇద్దరూ నవ్వారు. ఇక గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటాడేమో అనుకున్నాను. అందుకే ముడేసుకున్న మాట వెంటనే విప్పాను.

"ఆరింటికి కొట్టు మూసేస్తారట. కొన్న మనిషే రావాలట. అయినా నీకేం భయం, నువ్వెళ్తే దించిన షట్టరు ఎత్తుతానన్నాడుగా."

మా మరిది నన్ను చూశాడు. గడియారాన్ని చూశాడు. పైకి చూశాడు. అక్కడ చిన్నది జడ చివర నోట్లోంచి తీసి, చెప్పులు వేసుకుంటోంది.

"అరక్షణం" అన్నాడు, లేచాడు. నిజంగా అరక్షణంలోనే లేచాడు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పట్నించీ చూస్తున్నాను, అదే మొదటిసారి.

దారిలో చిన్నది ముందు, అతను మధ్య, నేను వెనక. మధ్యమధ్య ఆగి నా కోసం చూసి, నా చేతిలో సంచి తీసుకున్నాడు. కొట్టు చేరేసరికి షట్టరు సగం దిగి ఉంది. మా మరిది వంగి కిందనుంచి తల పెట్టాడు.

లోపలి అతను లేచి నిలబడలేదు. తేరిపార చూసి, మీరా, పొద్దున్న ఆ స్టూలు మీద నిద్రపోయింది మీరే కదూ అన్నాడు. చీటీ నా చేతికిచ్చి కునుకు తీశారు, లేపి రెండు రకాలున్నాయి ఏది కావాలంటే తక్కువది ఇచ్చేయమన్నారు, మళ్ళీ నిద్రపోయారు అన్నాడు. నాలుగింటినుంచి మొదటిసారి మా చిన్నది నవ్వింది. ముప్పైమంది ఎక్కడా అని గది నలుమూలలా చూసింది.

మా మరిది సంచి విప్పాడు. డబ్బా గాజు బల్ల మీద పెట్టాడు. బిల్లు పక్కన పెట్టాడు. ఆ పక్కన చీటీ పరిచి, నేను పెట్టినట్టే, చివరి అక్షరం కింద వేలు పెట్టాడు.

"అదే అంకె. ఈసారి ఇంటిపేరుతో సహా ఇవ్వండి" అన్నాడు.

కొట్టు అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అతనూ నవ్వాడు. మార్చి ఇచ్చి, సంతకం తీసుకుని, తేడా ఇంత ఇవ్వాలన్నాడు. చిన్నది మొహం మళ్ళీ వాడిపోయింది, దాని దగ్గర మిగిలినది మధ్యాహ్నమే ఖర్చయిపోయింది. నువ్వు బయట మీ నానమ్మకి స్టూలు చూడు అని దాన్ని పంపాడు మా మరిది. నేను షట్టరు కిందనుంచి చూస్తున్నాను. అటు తిరిగి, లోపలి జేబులోంచి, మడతలు మడతలుగా ఉన్న నోట్లు తీసి ఇచ్చాడు. చిన్నది తిరిగి వచ్చేసరికి, అంతా సరిపోయింది పద అన్నాడు.

ఏడున్నరకి తెర వెలిగింది. ముందు ఏవో తెల్లటి అక్షరాలు, తర్వాత రంగులు. ఎర్ర కారు వచ్చింది. అది తెరలోనే ఉంది, పక్కింటికి పోలేదు. పెట్టె కూడా బల్ల మీదే ఉంది. ఎందుకైనా మంచిదని నేను దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాను. మర్నాడు పదింటికి ఇద్దరు మనవరాళ్ళూ పోటీలో ఆడి మూడో ఆటకే ఓడిపోయారు. ఓడినవాళ్ళు అంతగా నవ్వుతారని నాకు తెలియదు. ఒకరి నవ్వు గదిలో, ఒకరి నవ్వు పెట్టెలోంచి. కళ్ళు మూసుకుంటే ఇద్దరూ కిటికీ పక్కనే ఉన్నట్టుంది.

సోమవారం సాయంత్రం మళ్ళీ టీ కొట్టు. మా మరిది బల్ల మీద ఇటుక వైపున కూర్చున్నాడు. నేను పెద్దగా చేసిందేం లేదురా అని మొదలుపెట్టాడు. ఆ గాలికి ప్రాసెసర్ మీది అక్షరం దారిలో రాలిపోయిందట, అతనే వెనక్కి వెళ్ళి వెతికితే వార్తలు చదివే ఆవిడ కుర్చీ కింద దొరికిందట. షట్టరు ఎత్తి పట్టుకోవడానికి నలుగురు ఇంజినీర్లు వచ్చారట. దర్జీ విన్నాడు, టీ కొట్టు అతను పాలు పొంగించుకున్నాడు, నేను కూడా కాసేపు కూర్చున్నాను.

అందులో అన్నీ ఉన్నాయి. లోపలి జేబు సంగతి మాత్రం లేదు. ఇప్పటికి ఆ కథ ఎన్నిసార్లు విన్నానో, ఎన్ని అంతస్తులు లేచిందో. అదొక్కటీ అతను ఎప్పుడూ కొయ్యలేదు.